బ్రెన్ గన్ ఒక్కటి, దాని సంసారం అంతా: డీయాక్టివేట్ చేసిన యుద్ధకాలపు మెషిన్ గన్ సేకరించడం ఎలా

బ్రెన్ రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ లైట్ మెషిన్ గన్. దాని నెత్తిమీద నిలబడే తూటాల మ్యాగజైన్ అరటికాయలా వంపు తిరిగి ఉంటుంది. చాలామంది అది అందం కోసం అనుకుంటారు. బ్రిటిష్ .303 తూటా అడుగున చిన్న అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. తూటాలను ఒకదానిమీద ఒకటి పేర్చితే అడుగు వైపు లావుగా, మొన వైపు సన్నగా తేలి దొంతర దానంతట అదే వంగుతుంది. మ్యాగజైన్ ఆ వంపునే అనుసరించింది. బ్రెన్‌కు తల్లి లాంటి చెకోస్లొవాకియా తుపాకి జెడ్‌బి 26 వాడే 7.92 మిల్లీమీటర్ల తూటాకు ఆ అంచు ఉండదు కాబట్టి దాని మ్యాగజైన్ నిటారుగా ఉంటుంది. ఈ సంగతి తెలిసిన రోజునే నాకు ఈ తుపాకి మీద ప్రేమ పుట్టింది.

ఇది బ్రిటన్‌లో ఉంటూ యుద్ధకాలపు మెషిన్ గన్ ఒకటి ఇంట్లో పెట్టుకోవాలనుకునే తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్ళు చివరి భాగం ముందు చదవండి, అక్కడి చట్టం వేరు.

నేను మొదటినుంచీ చెప్పేది ఒకటే. పది తుపాకులు గోడకు వేలాడదీయకండి. ఒకటి కొనండి, దాని సంసారం అంతా సమకూర్చండి. మ్యాగజైన్లు, వాటి పెట్టె, విడి బారెల్ సంచి, నూనె డబ్బా, పనిముట్లు, సిపాయి నడుముకు కట్టుకున్న గుడ్డ పౌచ్ వరకు. ఒట్టి తుపాకి చూస్తే ఇనుము కనిపిస్తుంది. ఈ సామాను పక్కన పెడితే దాన్ని మోసిన ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

మొదటి పని: కాగితం

డీయాక్టివేట్ చేయడం అంటే తుపాకి మళ్ళీ ఎప్పటికీ పేలకుండా బారెల్, బోల్ట్, బాడీ లాంటి ముఖ్య భాగాలను శాశ్వతంగా పాడుచేయడం. బ్రిటన్‌లో ఆ పనిని తనిఖీ చేసి ముద్ర వేసేవి రెండు ప్రూఫ్ హౌస్‌లు, ఒకటి లండన్‌లో, ఇంకొకటి బర్మింగ్‌హామ్‌లో. 1988 నాటి ఫైర్‌ఆర్మ్స్ సవరణ చట్టం ప్రకారం ఆ ముద్ర, సర్టిఫికెట్ రెండూ ఉంటే అది ఇక తుపాకి కాదని లెక్క. సర్టిఫికెట్ లేని మెషిన్ గన్‌ను ‘మా తాతది, ఎప్పుడో పాడైపోయింది’ అని ఎంత నమ్మకంగా చెప్పినా ముట్టుకోకండి. అది నిషిద్ధ ఆయుధం, దొరికితే జైలే.

సర్టిఫికెట్ ఉంటే చాలదు, అది ఏ కాలానిదో కూడా చూడాలి. సేకరించేవాళ్ళు మాట్లాడుకునే ‘ఓల్డ్ స్పెక్’ అంటే 1995 అక్టోబర్‌కు ముందు చేసినది. ఆ బ్రెన్‌లలో చాలా భాగాలు కదులుతాయి, కాల్చే ముందు వెనక్కి లాగే పిడి, అంటే కాకింగ్ హ్యాండిల్, లాగొచ్చు, విప్పి చూడొచ్చు. 1995లోనూ, తర్వాత 2010లోనూ నిబంధనలు బిగించారు. 2016 ఏప్రిల్ 8 నుంచి యూరోపియన్ యూనియన్ ప్రమాణం వచ్చింది, దాన్ని 2018 జూన్ 28 నుంచి మళ్ళీ సవరించారు. ఈ ‘ఈయూ స్పెక్’ తుపాకిలో దాదాపు అంతా వెల్డింగ్‌తో బిగిసిపోయి ఉంటుంది.

దీనివల్ల కొనేవాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. పాత ప్రమాణంతో చేసిన తుపాకి ఇప్పటికే మీ దగ్గర ఉంటే ఉంచుకోవచ్చు. కానీ దాన్ని ఇప్పటి ప్రమాణానికి మార్చకుండా ఇంకొకరికి అమ్మడం, చివరికి ఊరికే ఇవ్వడం కూడా, 2017 నుంచి నేరం. మ్యూజియాల లాంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కాబట్టి ‘ఓల్డ్ స్పెక్ సార్, అన్నీ కదులుతాయి, నగదు ఇస్తే చాలు’ అని ఎవరైనా అంటే అక్కడినుంచి వచ్చేయండి. డీయాక్టివేట్ చేసిన తుపాకి చేతులు మారినప్పుడు హోమ్ ఆఫీస్‌కు తెలియజేయాల్సిన బాధ్యత కూడా ఉంది. ఆ ఫారం హోమ్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కొనే ముందే చదివి పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇప్పుడు నా అనుభవం. నా మొదటి బ్రెన్ పాత మిలటరీ సామాను అమ్మే ఒక సంతలో కొన్నాను. సర్టిఫికెట్ ఉంది, ముద్రలు ఉన్నాయి, అమ్మినాయన మర్యాదస్తుడు. ఇంటికొచ్చాక టేబుల్ ల్యాంప్ కింద నంబర్ చదివితే కాగితం మీద 8 ఉన్న చోట ఇనుము మీద 3 ఉంది. యుద్ధం తర్వాత వేసిన నల్లరంగు ఆ అంకె గాడిలో పేరుకుని 3ను 8లా చేసింది. చిన్న విషయమే, కానీ నంబర్ కలవని కాగితం కాగితమే కాదు. సరిచేయించుకునేసరికి నెలలు పట్టింది, ఆ నెలలన్నీ సరిగా నిద్రపోలేదు. అప్పటినుంచి చిన్న టార్చ్, భూతద్దం లేకుండా సంతకు వెళ్ళను. కాంతిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చెక్కిన అంకెలు తేలి కనిపిస్తాయి. ప్రతి అంకెనూ గట్టిగా చదవండి, పక్కనున్నవాళ్ళను సర్టిఫికెట్ చూడమనండి.

రెండో పని: ఏ తుపాకి?

నేను బ్రెన్ అంటాను. జర్మన్ ఎంజి 34, ఎంజి 42 గంభీరంగా ఉంటాయి, వాటికి గిరాకీ కూడా ఎక్కువ. విక్కర్స్ అద్భుతమైన యంత్రం, కానీ ట్రైపాడ్‌తో కలిపితే ఒక గది దానికే రాసివ్వాలి. బ్రెన్ పది కిలోల బరువు. ఒక మనిషి ఎత్తగలడు, ఒక అల్మారాలో పడుతుంది, సామాను ఇప్పటికీ అందుబాటులో దొరుకుతుంది.

మనవాళ్ళకు దానితో బంధం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం ఇటలీలో, బర్మాలో దీన్ని మోసింది. 1944 ఏప్రిల్‌లో ఇంఫాల్ దగ్గర జమేదార్ అబ్దుల్ హఫీజ్ గాయపడ్డ సిపాయి చేతిలోని బ్రెన్ అందుకుని శత్రువు మీదికి నడిచి ప్రాణం ఇచ్చాడు, ఆయనకు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం అని పేరు పడ్డ ఊరు ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి మనుషులు వెళ్ళారు. మన ఊళ్ళలో పాత మిలటరీ పెద్దలను ‘ఎల్ఎంజి’ (లైట్ మెషిన్ గన్) అని అడిగి చూడండి. కాల్చే నంబర్ వన్ ఏం చేస్తాడు, పక్కనుండి సాయం చేసే నంబర్ టూ ఏం చేస్తాడు అని చేతులతో చూపిస్తూ చెబుతారు.

బ్రెన్ అనే పేరులోనే దాని పుట్టుక ఉంది, చెకోస్లొవాకియా నగరం బ్ర్నో లోని ‘బ్ర’, ఎన్‌ఫీల్డ్ లోని ‘ఎన్’ కలిపారు. బ్ర్నోలో వాత్స్‌లావ్ హోలెక్ రూపొందించిన తుపాకిని బ్రిటన్ తన .303 తూటాకు తగ్గట్టు మార్పించుకుని, లండన్ పక్కనున్న ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో 1937 నుంచి తయారుచేసింది. తర్వాత కెనడాలో టొరంటోలోని జాన్ ఇంగ్లిస్ కంపెనీ, ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీ కూడా చేశాయి.

మీకు కనబడేవి ఎక్కువగా మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3. తేడా తెలుసుకోవడానికి మూడు చోట్ల చూస్తే చాలు. మొదట, గురి చూసే వెనక సైటు. మార్క్ 1కు గుండ్రంగా తిప్పే డ్రమ్ ఉంటుంది, మార్క్ 2 నుంచి సాదా లీఫ్ సైటు వచ్చింది. తర్వాత కాకింగ్ హ్యాండిల్, మార్క్ 1లో అది మడుస్తుంది, మార్క్ 2లో మడవదు. ఆ తర్వాత బైపాడ్ కాళ్ళు, మార్క్ 1 కాళ్ళను పొడుగు పొట్టి చేసుకోవచ్చు. ఎందుకు ఇంత తేడా అంటే డన్‌కిర్క్. 1940లో ఫ్రాన్స్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు సైన్యం తన బ్రెన్‌లలో చాలా భాగం అక్కడే వదిలేసింది. త్వరగా, చవకగా, ఎక్కువగా చేయాల్సి వచ్చింది. మార్క్ 1 బాడీ మీద చక్కగా చెక్కిన ఒంపులు మార్క్ 2లో మాయమవడానికి కారణం అదే. రెండూ పక్కపక్కన పెట్టి బాడీ మీద వేలు పెట్టి నిమిరితే 1938కి, 1942కి మధ్య ఆ దేశం మీద ఏం పడిందో వేలికే తెలుస్తుంది. 1944లో వచ్చిన మార్క్ 3 బారెల్ పొట్టిది, బరువు తక్కువ.

రెండు పొరపాట్లు జరగకుండా చూసుకోండి. భారత సైన్యం 1930ల మొదట్లో తీసుకుని బెంగాల్‌లోని ఇషాపూర్‌లో చేసిన విక్కర్స్ బెర్తియర్ అచ్చం బ్రెన్‌లాగే ఉంటుంది, అదీ .303, అదీ పైన వంపు మ్యాగజైన్. దానికీ విలువ ఉంది, కానీ బ్రెన్ అని చెప్పి అమ్మితే మోసమే. అలాగే 1950ల నుంచి 7.62 నాటో తూటాకు మార్చిన బ్రెన్‌లు ఉన్నాయి, బ్రిటన్‌లో వాటిని ఎల్4 అంటారు, ఇండియాలో 1బి అంటారు. మ్యాగజైన్ దాదాపు నిటారుగా ఉంటే అది .303 బ్రెన్ కాదని గుర్తు.

మూడో పని: చేతితో చూడటం

ఫోటో చూసి కొనకండి. మొదటి తుపాకి అయితే అసలే వద్దు. కొనడానికి ముందు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ చూసి రండి. సరైనది ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి.

సంతలో తుపాకి చేతికి వచ్చాక బాడీ మీద ఏం రాసుందో చదవండి. బ్రెన్ అనే మాట, మార్క్, తయారీ గుర్తు, సంవత్సరం, నంబర్ ఉంటాయి. ప్రభుత్వ సొత్తు అని చెప్పే బాణం గుర్తు అనేక భాగాల మీద కనిపిస్తుంది. ‘ఎఫ్‌టిఆర్’ అనే అక్షరాలు, పక్కన సంవత్సరం ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేశారని అర్థం. అలా బాగుచేసినప్పుడు వేరే తుపాకుల భాగాలు కలిసిపోవడం మామూలే, దాన్ని లోపంగా చూడొద్దు. సైన్యంలో తుపాకి బతుకే అది. అన్ని నంబర్లూ కలిసే తుపాకి దొరికితే ఎక్కువ డబ్బు పెట్టడం న్యాయమే.

భుజానికి ఆనించే బట్ కర్రలో పగులు ఉందేమో, అది సన్నబడే మెడ దగ్గర చూడండి. చీకటి మచ్చలు నూనె పీల్చుకున్నవి, వాటివల్ల నష్టం లేదు. కర్రను ఇసుక కాగితంతో రుద్ది వార్నిష్ కొట్టి ఉంటే దాని మీది ముద్రలు పోయాయని అర్థం, ధర తగ్గించమని అడగండి. వెల్డింగ్ ఎంత శుభ్రంగా చేశారో కూడా చూడాలి. అదే ప్రమాణం అయినా ఒకరు చేస్తే కంటికి కనపడదు, ఇంకొకరు చేస్తే ఇనుము మీద కురుపులు లేచినట్టు ఉంటుంది.

ఒక హెచ్చరిక. డీయాక్టివేట్ చేసిన దాన్ని ఏ కొంచెమైనా వెనక్కి మార్చే ప్రయత్నం చేయకండి, కదలడం లేదని వెల్డింగ్ గీకకండి. ఆ పని చేసిన క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది చట్టం కళ్ళలో మెషిన్ గన్ అయిపోవచ్చు.

నాలుగో పని: సంసారం

నాకు ఎక్కువ సంతోషం ఇచ్చే భాగం ఇదే, ఎక్కువ కాలం పట్టేదీ ఇదే.

మ్యాగజైన్‌తో మొదలుపెట్టండి. దాంట్లో 30 తూటాలు పడతాయి, కానీ స్ప్రింగు అలసిపోకుండా సిపాయిలు సాధారణంగా 28 పెట్టేవారు. తయారీదారుల గుర్తులు రకరకాలుగా ఉంటాయి. మీ తుపాకి ఏ దేశానిదో ఆ దేశపు మ్యాగజైన్లనే వెతకండి, ఇంగ్లిస్ తుపాకికి ఇంగ్లిస్ మ్యాగజైన్. లోపల తుప్పు ఉందేమో, పెదవులు వంగాయేమో చూడండి. తర్వాత 12 మ్యాగజైన్లు పట్టే ఇనుప పెట్టె. నా దగ్గర ఉన్న పెట్టెకు మూతమీద మూడు పొరల రంగు ఉంది. మూల దగ్గర పెచ్చు ఊడిన చోట ఆకుపచ్చ కింద గోధుమ రంగు, దాని కింద మళ్ళీ ఆకుపచ్చ. మళ్ళీ రంగు వేయమని ఎంతమంది చెప్పినా వేయలేదు. ఆ పొరలే ఆ పెట్టె చరిత్ర.

విడి బారెల్ దగ్గర జాగ్రత్త. వేగంగా కాల్చేటప్పుడు బారెల్ కాలిపోతుంది, దాదాపు పది మ్యాగజైన్లకు ఒకసారి మార్చాలి. బారెల్‌కు ఉన్న మోసే పిడి అందుకే, వేడి ఇనుము తాకకుండా తిప్పి లాగేయడానికి. ప్రతి బ్రెన్‌తో పాటు విడి బారెల్ ఒక గుడ్డ సంచిలో వెళ్ళేది, దాన్ని మోయడం నంబర్ టూ పని. మీ సేకరణకు అది కావాల్సిందే. కానీ మెషిన్ గన్ బారెల్ ఒక్కటే ఉన్నా చట్టం ప్రకారం అది ఆయుధ భాగం. దాన్ని కూడా డీయాక్టివేట్ చేసి ఉండాలి, దానికి వేరే సర్టిఫికెట్ ఉండాలి. ‘ఒట్టి గొట్టమే కదా’ అనుకుని కొన్నవాళ్ళు చిక్కుల్లో పడ్డారు. విడి బోల్ట్‌కూ ఇదే వర్తిస్తుంది. కాగితం ఉన్న బారెల్ దొరికేదాకా ఖాళీ సంచి మాత్రం కొని పెట్టుకోండి.

విడిభాగాల గుడ్డ పర్సు, దాంట్లో ఉండే నూనె డబ్బా, బారెల్ లోపల శుభ్రం చేసే తాడు (పుల్‌త్రూ), తుపాకిని నడిపే గ్యాస్‌ను హెచ్చు తగ్గులు చేసే రెగ్యులేటర్‌ను తిప్పే కాంబినేషన్ టూల్ ఒక్కొక్కటిగా దొరుకుతాయి. రెగ్యులేటర్‌కు నాలుగు రంధ్రాలు. తుపాకి మురికి పట్టి నీరసించినప్పుడు పెద్ద రంధ్రానికి మార్చేవారు. టూల్ చేతిలోకి తీసుకుంటే మూలలు ఎక్కడ అరిగాయో చూడండి, ఆ అరుగుదల ఎవరో ఒకరి అరచేతిది.

ట్రైపాడ్ దొరికితే అదృష్టమే. దాని కాలుతో విమానాల మీద కాల్చేలా నిలబెట్టే ఏర్పాటు కూడా ఉండేది, దానికోసం 100 తూటాల డ్రమ్ మ్యాగజైన్ వేరుగా చేశారు. ఈ డ్రమ్ అరుదు, ధర ఎక్కువ, తొందరపడకండి.

చవకలో వచ్చే గొప్ప వస్తువు 1937 నమూనా వెబ్బింగ్ (మందపాటి నేత గుడ్డ) పౌచ్. దాని కొలత బ్రెన్ మ్యాగజైన్ చూసి పెట్టిందే, ఒక్కోదాంట్లో రెండు పడతాయి. సెక్షన్ అనే పదిమంది దళంలో రైఫిల్ మోసేవాళ్ళు కూడా బ్రెన్ కోసం మ్యాగజైన్లు మోసేవారు. అంటే ఆ పదిమంది మధ్య అసలు ఆయుధం బ్రెన్, మిగిలినవాళ్ళు దాని చుట్టూ తిరిగారు. ఈ మాట ఒక్కటి అర్థమైతే పౌచ్ ఎందుకు కొనమంటున్నానో తెలుస్తుంది. మూత లోపల తయారీదారు పేరు, సంవత్సరం, బాణం గుర్తు ఉంటాయి. ఇండియాలో తయారైన పౌచ్‌లు కూడా దొరుకుతాయి, మనవాళ్ళకు అవే కావాలి.

తూటాలు పెట్టాలనుకుంటే డమ్మీ మాత్రమే. పేలుడు మందు, కింద క్యాప్ లేనివి, పేరున్న వ్యాపారి దగ్గర కొన్నవి. పాత పెట్టె అడుగున ఎప్పుడైనా నిజమైన తూటా కనిపిస్తే దాన్ని తాకకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

జర్మన్ ఎంజి సామాను, విక్కర్స్ సామాను కొనేవాళ్ళకు ఒక మాట. వేడి బారెల్ పట్టుకోవడానికి జర్మన్లు వాడిన పాత గుడ్డ ప్యాడ్‌లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. విక్కర్స్ బారెల్‌ను చల్లబరిచే నీటి గొట్టం చివర బిగించే తాడులోనూ అదే వాడేవారు. విప్పి దులపకండి, సీల్ చేసిన కవర్‌లో పెట్టండి.

ఐదో పని: చూసుకోవడం

బ్రిటన్ తేమ ఇనుముకు శత్రువు. బయటి గోడకు ఆనించి పెట్టొద్దు. చేతి చెమటతో పడ్డ వేలిముద్రలు వారంలో గోధుమ రంగు తిరుగుతాయి, కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవండి. నూనె పల్చగా రాయాలి, కారేలా కాదు. మ్యూజియాలు వాడే రినైసెన్స్ మైనం ఇంకా మంచిది, దుమ్ము అంటదు. కర్రకు ఏడాదికి ఒకటి రెండుసార్లు అవిసె నూనె అరచేత్తో రుద్దండి. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, అవి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టి పారేయండి.

వెబ్బింగ్‌ను ఉతకకండి. సిపాయి పూసిన బ్లాంకో అనే రంగు పొడి, సిరా ముద్ర రెండూ ఒక్క ఉతుకుతో పోతాయి. మెత్తటి బ్రష్ చాలు. ఇత్తడి బకిల్స్‌కు పాలిష్ పెడితే గుడ్డకు మరక అంటుతుంది, అవి నల్లబడితే నల్లబడనివ్వండి.

కిటికీలోంచి కనబడేలా పెట్టకండి. దారినపోయే మనిషికి అది డీయాక్టివేట్ చేసిందని తెలియదు, పోలీసులు ఆయుధాలతో మీ తలుపు కొడతారు. తీసుకెళ్ళేటప్పుడు మూసిన సంచిలో, కారు డిక్కీలో, సర్టిఫికెట్ నకలుతో సహా పెట్టుకోండి. సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో నకిలీ తుపాకి పట్టుకుని తిరగడం కూడా బ్రిటన్‌లో నేరమే. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే దొంగతనం జరిగినప్పుడు వాదన మొదలవుతుంది.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి వస్తువు ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో, దాని మీద ఏ ముద్రలున్నాయో చేత్తో రాయండి. అమ్మినవాళ్ళు చెప్పిన కథ కూడా రాయండి, కానీ కథను కథ అనే రాయండి. అసలు సర్టిఫికెట్లు తుపాకితో కాకుండా వేరే చోట ఉండాలి. నకలు ఒకటి ఇంట్లోవాళ్ళకు ఇచ్చి, మీరు లేనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో చెప్పండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకు, ఇండియాకు తిరిగి వెళ్ళేవాళ్ళకు

వరసగా పేలే మెషిన్ గన్ 1959 ఆయుధాల చట్టం ప్రకారం నిషిద్ధ ఆయుధం. ఆ చట్టం ‘ఆయుధాలు’ అన్నప్పుడు వాటి విడిభాగాలనూ కలుపుకుంటుంది. బ్రిటన్ ప్రూఫ్ హౌస్ సర్టిఫికెట్ పట్టుకుని హైదరాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ ముందు నిలబడితే ఎవరూ వినరు. తుపాకి తేవద్దు, మ్యాగజైన్ కూడా తేవద్దు, సామానులో డమ్మీ తూటా మిగిలిపోకుండా సంచీలు తిరగేసి చూడండి. ఇండియాకు తిరిగి వెళ్ళిపోవాలని నిర్ణయించుకుంటే తుపాకిని బ్రిటన్‌లోనే చట్టప్రకారం అమ్మండి, లేదా మ్యూజియానికి ఇవ్వండి.

అయినా ఇండియాలో ఉండి చేయగలిగిన సేకరణ ఉంది. వెబ్బింగ్ పౌచ్‌లు, సైన్యం అచ్చువేసిన శిక్షణ పుస్తకాలు, పాత ఫోటోలు, మన ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో మగ్గుతున్న పే బుక్‌లు, మెడల్స్. మా ఊరి పెద్దాయన ఒకరు బ్రెన్ విప్పే వరస ఎనభై దాటిన వయసులో కళ్ళు మూసుకుని చెప్పారు, గాలిలో వేళ్ళు తిప్పుతూ. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. నా అల్మారాలో ఉన్న బ్రెన్ వెల్డింగ్‌తో బిగిసిపోయింది కాబట్టి ఆ వరస దాని మీద చేసి చూడలేను. తుపాకి తుడిచినప్పుడల్లా ఆ రికార్డు పెట్టుకుంటాను. ముందు మ్యాగజైన్ తీయమంటారు, తర్వాత లోపల తూటా లేదని చూడమంటారు, ఆ తర్వాతే మిగతావన్నీ.